మూరెడు సందు

స్థలం నాలుగున్నర సెంట్లు.
రిజిస్టరైన రోజు కాగితంలో
తూర్పున ఎవరు, పడమర ఎవరు,
నాలుగు దిక్కులా పేర్లు రాసినారు.
నడుమ ఎవరుండారో రాయలేదు.

"బ్రహ్మస్థానంలో చింతచెట్టా?" అన్నాడు మా బావ ఓబులేసు.
రంపం మిషన్ బాడుగ ఎంతో కనుక్కొనే వచ్చినాడు.
"దాని కింద కాపురం పెట్టి దయ్యాలకు వండిపెడతావా?"
అనింది ఆడబిడ్డ.
మా ఆయన ఏమీ అనలేదు.
పద్దెనిమిదేండ్లు పాలిష్ ఫ్యాక్టరీలో
నీళ్లల్లో నిలబడి బండలు కోసిన మనిషి,
చొక్కా విప్పి, మొదలుకు ఈపు ఆనించి
కండ్లు మూసినంతసేపు
తాడిపత్రిలో ఎండ లేదు.

మేస్త్రీ దస్తగిరి వచ్చినాడు.
సున్నం డబ్బా, దారం ఉండ, చెవి మీద పెన్సిలు.
గీత గీయకముందే చెట్టు చుట్టూ
మూడుసార్లు తిరిగినాడు.
మొక్కుకుంటాండాడేమో అనుకుంటి.
కాదు, కొలుస్తాండాడు.
"తొమ్మిదడుగుల నడుమమ్మా.
ఆరు గజాల చీర రెండు చుట్లకే సరి."

కరెంటు బిల్లు ఎనకపక్క గీసినాడు మా ఇల్లు.
వంటిల్లు ఇట్ల జరిపి, పడకటిల్లు అట్ల మడిచి,
మెట్లు కొమ్మకు తలొంచి పోయేటట్టు.
మా చౌడేశ్వరి చూసి "ఠ" అనింది.
నిజమే. చుట్టూ గుండ్రం, నడుమ చుక్క.
పలక మీద ఎన్నిసార్లు దిద్దినా
ఏ మాటకూ పెద్దగా అక్కరకు రాని అక్షరం.
దాంట్లో ఉండబోతాండాం మేము.

బ్యాంకు పిల్లోడు ప్లాను మీద వేలు పెట్టి
"ఇదేం రూము మేడమ్?" అని అడిగె.
"చెట్టు."
"అది కాదు, ఉపయోగం?"
ఫారంలో ఆ గడి ఖాళీగా పోకూడదంట.
చానాసేపు ఆలోచించి రాసుకున్నాడు పాపం,
వెంటిలేషన్ అని.

పునాది తవ్విన మూడోనాడు
గడ్డపారకు మెత్తగా తగిలింది.
తొడ లావు వేరు. పెన్న దిక్కుకు పోతాండాది.
ఏట్లో నీళ్లు లేవని
దానికి ఎవురూ చెప్పినట్టు లేదు.
కోస్తే గోడ నిటారు.
కోయకుంటే పడకటింట్లో మంచం పట్టదు.
ఆ పొద్దు పని ఆపించి
కూలోళ్లకు సగం కూలి ఇచ్చి పంపితిమి.
రాత్రి మా ఆయన దాని మీద తడిగోనె కప్పినాడు,
కాలు ఇరిగిన ఎద్దుకు కప్పినట్టు.
తెల్లారి గోడే అడుగున్నర లోపలికి జరిగింది.
మంచం అమ్మి చాపలు కొన్నాం.

స్లాబు పోసే రోజు దస్తగిరి
మొదలు చుట్టూ మూరెడు సందు వదిలి
చెక్కలు కొడతాంటే
"వాన కారదా?" అంటి.
"ఈడ వానా!" అని నవ్వినాడు.
మళ్లా నవ్వు ఆపి
"అది ఇంకా లావయితాదమ్మా. ఎంతనేది నాకు తెల్దు.
నువ్వూ నేనూ ఆగిపోయినాం, అది ఆగలేదు."
ఇంకొకరు పెరిగేదానికి తావు వదిలి
సిమెంటు పోసే మనిషిని
నా బతుకులో అప్పుడే చూస్తి.

ఇంట్లో చేరిన మూడో రాత్రి కరెంటు పోయింది.
చాపల మీద ఎల్లకిలా పండుకొని చూస్తే
సందులో చుక్కలు.
పగలంతా గుప్పెడు ఆకాశం కూడా ఇయ్యని చెట్టు!
చీకటైతే చింతాకులు
ఎదురెదురుగా ముడుచుకుంటాయని
చౌడేశ్వరే కనిపెట్టింది.
మా కోసమేం కాదు.
దాని నిద్ర అది పోతాంటే
ఆ సందులోంచి మాకు ఆకాశం.

దయ్యాలన్న ఆడబిడ్డ
చిగురు కాలానికి సంచి పట్టుకొని వస్తాది.
సాంబారు గిన్నెలో రాలిన ఆకును
ఇప్పుడు ఎవురూ తీసి పారెయ్యరు.
గోడ వంగిన తావున
సరిగ్గా ఒక మనిషి ఆనుకొనేంత గూడు,
జ్వరమొస్తే అందరం ఆడికే పోతాం.

ఈ శ్రావణానికి ఆరేండ్లు.
నిన్న కసువు ఊడ్చి, స్టూలెక్కి,
ఎందుకో సందులో చెయ్యి పెట్టి చూస్తి.
మూర లేదు.
రెండు వేళ్లు తక్కువ.